నాయన అడుగుపెట్టని రేకుల ఇల్లు

మా నాయన బేల్దారి మేస్త్రీ. ఆ కాలంలో జమ్మలమడుగులో లేచిన మట్టి మిద్దెల్లో సగం తన చేతి మీదుగానే లేచాయని ఆయన చెప్పుకునేవాడు. మిగతా సగం ఎవరు కట్టారని అడిగితే, "అవి మిద్దెలా? కూలిపోకుండా నిలబడి ఉండాయి, అంతే" అనేవాడు. ఆయనకు పొగరని ఊళ్ళో అందరూ అనేవాళ్ళు. నేనూ కాదనను. అందులో కొంత నాకూ వచ్చింది. రాకపోయి ఉంటే నేను చెప్పబోయే గొడవ ఒక్క పూటలో తేలిపోయేది.

అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నన్ను ఇంట్లో ఒంటరిగా వదల్లేక నాయన తాను పనిచేసే చోటికే తీసుకుపోయి, మట్టి కుప్ప పక్కన కూర్చోబెట్టేవాడు. మిగతా పిల్లలు చెక్కబొమ్మలతో ఆడుకుంటే నేను గోడ నిలువు చూసే తూకం గుండుతో ఆడుకున్నాను. గోడ వంకరపోతే పదేళ్ళకే పసిగట్టేదాన్ని. మిద్దె ఎట్లా కడతారో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. రెండడుగుల మందాన రాతి గోడలు, గోడల మీద దూలాలు, దూలాల మీద దంతెలు, వాటి మీద పుల్లలు పరిచి, వేపాకు పోసి, బంకమట్టి తొక్కాలి. అన్నిటికంటే పైన చౌడు. చౌడంటే పొలంలో తెల్లగా పేరుకుని పైరును చంపే ఉప్పుమట్టే. పొలానికి అది శత్రువు గానీ మిద్దెకు చుట్టం. దాన్ని దట్టంగా పోసి తొక్కితే వాన నీళ్ళు ఒక్క బొట్టు కిందికి దిగవు. అందుకే మా సీమలో ఏటా వానలకు ముందు ఏ మిద్దె మీద చూసినా గంపలతో మనుషులు కనిపిస్తారు. చౌడు పోయించని ఇంటి ఇల్లాలికి బద్ధకస్తురాలని పేరు పడుతుంది. ఆ పేరు ఒకసారి పడిందంటే మనవరాళ్ళ పెళ్ళిళ్ళ దాకా పోదు.

మిద్దె పూర్తయిన రోజు ఇంటివాళ్ళు నాయనకు కొత్త పంచె పెట్టి, నట్టింట్లో పీట వేసి, తమకంటే ముందు ఆయనకు అన్నం వడ్డించేవాళ్ళు. నేను ఆయన పక్కన కూర్చుని ఎన్ని కొత్త ఇళ్ళలో పాయసం తిన్నానో లెక్కలేదు. కొత్త మిద్దెలో తడిమట్టి వాసన, వేపాకు వాసన, పాయసం వాసన కలిసి వస్తాయి. నాకు ఇప్పటికీ పాయసం తింటే తడిమట్టి వాసన రావాలనిపిస్తుంది.

నాకు పెళ్ళయ్యే నాటికి ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చింది. రాజధాని కర్నూలు. అక్కడ సర్కారు ఆఫీసులు చాలా డేరాల్లో నడుస్తున్నాయని చెప్పుకుని జనం నవ్వుకునేవాళ్ళు. మా ఆయనకు పులివెందులలో కాలువల ఆఫీసు ఉద్యోగం, పనులు చూసే ఇన్‌స్పెక్టరు. నెమ్మదైన మనిషి. అయితే ఒక పిచ్చి ఉంది. మరలూ బోల్టులూ కనిపిస్తే చాలు, పసిపిల్లాడు మిఠాయి అంగడిని చూసినట్టు చూస్తూ నిలబడిపోతాడు.

పెళ్ళిలోనే నాయన అల్లుడికి మాటిచ్చాడు, మీకు నేనే మిద్దె కడతానని. రాళ్ళు కూడా తెప్పించి జమ్మలమడుగులో తన ఇంటి ముందర కుప్ప పోయించాడు. మా ఆయన చేతులు కట్టుకుని చాలా మర్యాదగా చెప్పాడు.

"మామా, నాకు రెండుమూడేండ్లకొకసారి బదిలీ అవుతాది. మిద్దెను ఎత్తుకొని పోలేను కదా."

"ఎత్తుకొని పోయేది ఇల్లెట్లయితాది అల్లుడా? మూట అయితాది" అన్నాడు నాయన.

ఆ మాట అన్న ఆర్నెల్లకే మా ఆయన నిజంగా మూట తెచ్చాడు. ఎక్కడో ఒక ఆనకట్ట పని ముగిసిపోతే, అక్కడ ఇంజనీర్ల కోసం తెప్పించిన బోల్టుల ఇల్లొకటి వేలానికి వచ్చిందట. యుద్ధం రోజుల్లో కార్ఖానాలో తయారైన సరుకు. గోడలు రేకు, కప్పు రేకు, మధ్యలో ఇనుప చట్రం. మూడు ఎద్దుల బండ్ల మీద ఇల్లంతా పులివెందులకు వచ్చింది. ప్రతి రేకు మీదా తెల్లరంగుతో ఒక అంకె. ఏ అంకె పక్కన ఏ అంకె రావాలో బొమ్మ వేసి ఇంగ్లీషులో రాసిన కాగితం ఒకటి. మా ఆయన ఆ కాగితాన్ని జాతకంలా భద్రంగా పట్టుకుని నిలబడ్డాడు. నలుగురు కూలీలు పొద్దున మొదలుపెట్టి, మరుసటి రోజు మధ్యాహ్నానికి ఇల్లు నిలబెట్టేశారు.

వీధి వీధంతా చూడ్డానికి వచ్చింది. పక్కింట్లో ట్రంకు పెట్టెలు చేసే సాయిబు కుటుంబం ఉండేది. ఆయన భార్య నాకంటే పదేళ్ళు పెద్ద. నేను అక్కా అనేదాన్ని. ఆమె ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "మా ఆయన చేసేదే. కాకపోతే పెద్ద సైజు. బీగం యాడ ఏస్తావమ్మీ?" అంది.

తర్వాతి వారం నాయన జమ్మలమడుగు నుంచి బస్సులో వచ్చాడు. చేతిలో నా కోసం తెచ్చిన సెనగల మూట. వాకిట్లో నిలబడి ఇంటిని కింది నుంచి పైదాకా చూశాడు. చుట్టూ ఒకసారి నడిచాడు. వేళ్ళతో గోడ మీద కొట్టాడు. అది డంగుమంది. ఆయన ఉలిక్కిపడ్డాడు.

"ఏంది ఇది?"

"ఇల్లు మామా" అన్నాడు మా ఆయన, మొహం చింకి చాటంత చేసుకుని.

"ఎన్ని దినాలు పట్టె?"

"ఒకటిన్నర దినం."

"ఒకటిన్నర దినంలో లేచేది పుట్టగొడుగప్పా. దీనికి పునాది ల్యా, గోడకు మందం ల్యా. ఇది డబ్బా. నేను ఈ డబ్బాలో కాలు పెట్టను."

నేను సరదాకి అన్నాడనుకున్నాను. లోపల అన్నం వడ్డించి పిలిచాను. నాయన కదల్లేదు. వాకిట్లో నులక మంచం వేయించుకుని, ఎండలో తువ్వాలు తల మీద కప్పుకుని అక్కడే తిన్నాడు. సాయంకాలం బస్సుకు వెళ్ళిపోయాడు.

ఇక ఆ డబ్బాలో నా కాపురం మొదలైంది. మిద్దెలో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి ఎక్కడ ఏది మెరుగో నాకు తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు. ఎండాకాలం మధ్యాహ్నం గోడకు వీపు ఆనిస్తే చొక్కాకు ఇస్త్రీ అయిపోయేది. మా ఆయన నిజంగానే ఒకసారి తడి చొక్కాను గోడకు అతికించి ఆరబెట్టుకుని ఆఫీసుకు పోయాడు. మిద్దెలో అదే వేళకు దుప్పటి కప్పుకునేంత చల్లగా ఉండేది. కప్పు మీద పిల్లి నడిస్తే దొంగ నడిచినట్టుండేది. మేక ఎక్కితే పోలీసులు వచ్చినట్టుండేది. వాన పడిందంటే ఒకరి మాట ఒకరికి వినిపించేది కాదు. ఒకసారి నేనూ మా ఆయనా జడివానలో గంటసేపు పోట్లాడుకున్నాం. ఇద్దరం గొంతు చించుకుని అరిచాం, చేతులు తిప్పాం, ఒక్క ముక్క ఎవరికీ వినపడలేదు. వాన నిలిచాక చూస్తే ఇద్దరికీ కోపం దిగిపోయింది. ఆ మేలు మాత్రం మట్టి మిద్దె ఎన్నటికీ చేయలేదు.

ఇంకొన్ని మేళ్ళు కూడా ఉన్నాయి, నాయన దగ్గర ఒప్పుకోకపోయినా ఇక్కడ ఒప్పుకుంటాను. మిద్దె గోడల సందుల్లో తేళ్ళు కాపురం ఉంటాయి. రేకు గోడలో తేలుకు చోటు లేదు. మిద్దెలో కప్పుకు ఉన్న ఒక్క గవాచి కంత నుంచి పడే వెలుగులో, అది ఎక్కడికి జరిగితే అక్కడికి జరుగుతూ నేను బియ్యం ఏరుకునేదాన్ని. ఈ ఇంటికి నాలుగు వైపులా కిటికీలు. వంట చేస్తూ దారిన పోయే బండ్లన్నీ చూడొచ్చు. ఇక బోల్టులు. ప్రతి బోల్టు కొసా బొటనవేలంత లోపలికి పొడుచుకుని ఉండేది. మా ఆయన చొక్కాలు, నా జల్లెడ, గరిటెలు, పంచాంగం, దువ్వెన అన్నీ వాటికే వేలాడేవి. మేకు కొట్టే పని లేదు. నేను ఆ ఇంటిని చెప్పలేనంత ఇష్టపడ్డాను. అది నా మొదటి ఇల్లు. దాన్ని మా నాయనకు చూపించుకోవాలని నాకు ప్రాణం కొట్టుకుపోయేది.

నాయన వచ్చేవాడు కాదా అంటే వచ్చేవాడే. తొండూరులో ఒకసారి, లింగాలలో ఒకసారి మిద్దె పని ఒప్పుకుని, దారిలో నన్ను చూడ్డానికి దిగాడు. దిగిన ప్రతిసారీ వాకిట్లోనే మంచం, వాకిట్లోనే అన్నం. మధ్యలో వాన పడితే పక్కింటి అక్క వాళ్ళ పంచలోకి పోయి నిలబడ్డాడు గానీ నా గుమ్మంలోకి రాలేదు. చూసేవాళ్ళకు సంగతి తెలియదు కదా. పులివెందుల ఆడవాళ్ళు నీళ్ళ దగ్గర నన్ను చూసి గొంతు తగ్గించడం మొదలుపెట్టారు. కన్నతండ్రిని ఇంట్లోకి రానీయని కూతురని నాకు పేరు పడింది. బద్ధకస్తురాలి పేరే నయమనిపించింది.

"ఊరూరా మిద్దెలు కట్టే మనిషికి నా ఇల్లే కానిదైపాయనా?" అని పక్కింటి అక్క దగ్గర ఏడ్చాను.

"ఆయనకు మిద్దె కావాల. నీకాడ రేకు ఉండాది. ఏం చేస్తావు మరి?" అంది అక్క.

ఆ మాటతో నా బుర్రలో దీపం వెలిగింది. వెలగకపోయినా బాగుండేది.

వానలు ఇంకో నెలకు వస్తాయనగా మా ఆయన కాలువ పని మీద క్యాంపుకు పోయాడు. నేను లింగాల దారిలో ఉన్న చౌడు నేల నుంచి రెండు బండ్ల చౌడు తోలించాను. ఇద్దరు ఆడకూలీలను పెట్టి, నేనే నిచ్చెన ఎక్కి రేకు కప్పు మీద జానెడు మందాన చౌడు పోయించాను. నీళ్ళు చిలకరించి చదును చేయించాను. ఇంటిని మిద్దెను చేస్తే నాయన రాక ఎక్కడికి పోతాడన్నది నా లెక్క. పక్కింటి సాయిబు తన పని ఆపుకుని వచ్చి కిందనుంచి చెప్పాడు.

"అమ్మీ, ఉప్పుకూ రేకుకూ పడదు. మేము పెట్టెలు చేసేవాళ్ళం, చెప్తాండాం."

"నేను బేల్దారి కూతురిని. చౌడు సంగతి నాకు చెప్తాండావా బావా?" అన్నాను పైనుంచి. నిచ్చెన మీద ఉన్న మనిషికి కింది వాళ్ళ మాట ఎప్పుడూ చిన్నగానే వినిపిస్తుంది.

మొదటి నెల రోజులూ నేను నేల మీద నడవలేదు. ఇల్లు చల్లబడింది. పిల్లి నడిస్తే చప్పుడు లేదు. మొదటి వాన కురిస్తే ఎంత మెత్తగా వినిపించిందంటే, జమ్మలమడుగు మిద్దెలో పడుకున్నట్టే కళ్ళు మూసుకున్నాను. క్యాంపు నుంచి వచ్చిన మా ఆయన పైకి చూసి ఏదో అనబోయి, నా మొహం చూసి ఊరుకున్నాడు. నేను బస్సు కండక్టరు చేత నాయనకు కబురు పంపాను. ఇంటికి చౌడు పోయించినాను, ఇప్పుడది మిద్దే, వచ్చి భోంచేసి పో అని.

నాయన పని ఒత్తిడిలో ఉండి రెండు నెలలు ఆగి వచ్చాడు. ఆ రెండు నెలల్లో వానలు బాగా పడ్డాయి. నాకు లోపల భయం మొదలైంది. కప్పు మధ్యలో కొంచెం దిగినట్టు కనిపించేది. రేకు మీద తుప్పు మరకలు పొక్కుల్లాగా లేచాయి. నేను అటు చూడ్డం మానేశాను. సరిగ్గా నాయన వాకిట్లో నిలబడి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని కప్పు వైపు చూస్తున్నప్పుడు, లోపల దబ్బుమని చప్పుడైంది. నేను పరుగెత్తి చూస్తే కప్పులో చాటంత చిల్లి. గంపెడు తడి చౌడు నేరుగా నా జొన్నపిండి కుండలో పడింది.

నాయన కిటికీలోంచి తొంగి చూశాడు. ఆ కుండను చూశాడు. నన్ను చూశాడు. వాకిట్లో నేల మీదే కూర్చుని, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. కళ్ళ నీళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వాడు.

"రేకు మీద చౌడు పోసినావా? చౌడు ఉప్పే తల్లీ. ఇనుమును తింటాది. బేల్దారి కూతురై ఉండి ఎట్ల పోసినావు?"

ఆ రోజూ మరుసటి రోజూ ఆయనే నిచ్చెన వేసుకుని పైకెక్కి, చౌడంతా గంపలకెత్తి దించాడు. పక్కింటి సాయిబు చిల్లులు పడిన మూడు రేకుల స్థానంలో కొత్తవి బిగించాడు. పైగా నన్నొక్క మాట అనలేదు, అది ఇంకా సిగ్గుగా అనిపించింది. కప్పు మీద రెండు రోజులు పనిచేసిన మా నాయన, రెండు రోజులూ అన్నం వాకిట్లోనే తిన్నాడు. రెండోరోజు నాకు ఒళ్ళు మండిపోయింది. సంగటి ముద్ద ఆయన ముందర పెట్టి అడిగేశాను.

"మంది ఇండ్లలో పీటేసుకోని కూర్చుంటావు. నా ఇంటి పైకెక్కుతావు, చుట్టూ తిరుగుతావు, లోపలికి మాత్రం రావు. నేనేం తప్పు చేసినా నాయనా?"

ఆయన చేతిలోని ముద్దను మళ్ళీ కంచంలో పెట్టేశాడు.

"నువ్వేం చేయలేదు. నీకని తెప్పించిన రాళ్ళు ఇంటి ముందర పడి ఉండాయి. పొద్దున లేస్తే మొదలు అవే కండ్ల పడతాయి. ఊర్లో అందరికీ కట్టినా. నా బిడ్డకు మాత్రం యాడనో మిషన్లో చేసిన డబ్బా వచ్చింది. దాంట్లో వచ్చి ఎట్ల కూర్చుండేది?"

అప్పుడు నాకు అర్థమైంది, ఆయన పొగరు కింద ఉన్నది ఏమిటో. అర్థమైనా కోపం పోలేదు. ఇద్దరం మాట్లాడుకోకుండానే ఆయన బస్సెక్కాడు.

ఆ తర్వాత తెలంగాణ కలిసి ఆంధ్రప్రదేశ్ వచ్చింది. రాజధాని కర్నూలు నుంచి సామాను సర్దుకుని హైదరాబాదు పోయింది. అదే ఏడు మా ఆయనకు ప్రొద్దుటూరు బదిలీ అయింది. "రాజధానే బోల్టులు విప్పుకోని పోతాండాది, మనదెంత" అని మా ఆయన ఉషారుగా పానా చేతికి తీసుకున్నాడు. తీసుకున్న తర్వాత ఇంటి కాగితం కోసం వెతికాడు. దాన్ని ఆయన భద్రంగా కప్పుకూ చట్రానికీ మధ్య సందులో దాచాడు. నా చౌడు నీళ్ళు కారీ కారీ అది గుజ్జయిపోయింది. కప్పు రేకుల మీది తెల్ల అంకెలను చౌడు తినేసింది. గోడల మీది అంకెలు అంతకు ముందే ఎండకు ఎగిరిపోయాయి. ఇంటిని విప్పొచ్చు, కానీ మళ్ళీ ఎట్లా కలపాలో ఎవరికీ తెలియదు. మా ఆయన వాకిట్లో కూలబడ్డాడు. నేను తప్పంతా నాదేనని మొదటిసారి ఒప్పుకున్నాను, అదీ మెల్లగా.

మా ఆయన వెంటనే ఉద్యోగంలో చేరాలి కాబట్టి ప్రొద్దుటూరు వెళ్ళిపోయాడు. నేను కబురు పంపలేదు. అయినా నాలుగోరోజు పొద్దున్నే నాయన ఇద్దరు కూలీలను వెంటబెట్టుకుని బస్సు దిగాడు. ఎవరు చెప్పారో తెలియదు.

"విప్పేది నేను చూస్తా. తెలియనోళ్ళ చేతిలో పడితే తుక్కు చేస్తారు."

"నీకు డబ్బాలతో పనేంది నాయనా?" అన్నాను.

"చెడగొట్టిన పని చూస్తే నాకు నిద్ర రాదు. డబ్బా అయితేనేమి, మిద్దె అయితేనేమి."

ఆయన ఎర్రజాజు రంగు కలుపుకుని ముందు ఇంటి చుట్టూ తిరిగాడు. ఏ రేకును ఏ రేకు తాకుతుందో అక్కడ రెండింటి మీదా ఒకే గుర్తు పెట్టాడు. అంకెలు కావు. చేప, చంద్రవంక, త్రిశూలం, చెప్పు, కొడవలి, పాము. లోపలి వైపు గుర్తులు కూలీల చేత పెట్టించాడు. తాను లోపలికి రాకుండా కిటికీలోంచి చెయ్యి చాపి చూపించాడు. తర్వాత ఒక్కొక్క బోల్టూ విప్పించాడు. ఇల్లు ఎక్కడా విరగకుండా, పగలకుండా ముక్కలు ముక్కలుగా చేతికి వస్తుంటే ఆయన మొహం చూడాల్సిందే. మిద్దెను విప్పడమంటే కూల్చడమే కదా. కూల్చకుండా విడదీసే ఇంటిని ఆయన జన్మలో చూడలేదు. ఒక బోల్టును అరచేతిలో పెట్టుకుని చాలాసేపు అటూ ఇటూ తిప్పాడు.

"తెలివైనోడే చేసినాడు" అన్నాడు, ఎవరికీ కాకుండా.

లారీ ఎక్కిన ఇల్లు ముద్దనూరు మీదుగా ప్రొద్దుటూరు చేరింది. ఆ గుర్తుల్లో ఏది ముందో ఏది తర్వాతో తెలిసింది ఆయన ఒక్కడికే కాబట్టి నాయనా రాక తప్పలేదు. బంగారు అంగళ్ళ వీధి దాటి, ఊరి చివర మా ఆయన చూసిన జాగాలో ముందు మోకాలెత్తు రాళ్ళ తిన్నె కట్టించాడు. దాని మీద బండలు పరిచాడు. తూకం గుండు వేలాడదీశాడు. దారం లాగాడు. ముహూర్తం కూడా చూశాడు. డబ్బాకు ముహూర్తమేమిటని నేను అడగలేదు, అడిగితే మానుకుంటాడని.

మూడు గోడలూ కప్పూ లేచేసరికి ముహూర్తానికి మరుసటి రోజు మధ్యాహ్నమైంది. మా ఆయన కాలువ మీద ఉన్నాడు. మిగిలింది వీధి వైపు గోడ ఒక్కటే, తలుపు ఉండేది దానికే. ఆ ఇంట్లో బోల్టులు బయటినుంచి దూర్చాలి, నట్లు లోపలినుంచి బిగించాలి. లోపల ఉన్న కూలీ ఒక నట్టును వంకరగా ఎక్కించాడు. నాయనకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"జరుగు. బయటికి పోయి నువ్వు రేకు పట్టుకో" అని అతన్ని తరిమేసి, పానా లాక్కుని, తెరిచి ఉన్న వైపు నుంచి విసవిసా వచ్చి నిలబడ్డాడు. గోడ లేని చోటు వాకిలే కదా, ఆయన లెక్కలో అది ఇంకా ఇల్లు కాలేదు.

నేను కొంగు నిండా నట్లు పోసుకుని ఆయన పక్కన నిలబడ్డాను. ఆయన చెయ్యి చాపితే ఒకటి అందించాను. బయట కూలీలు చేప గుర్తున్న రేకు ఎత్తి ఆనించారు. ఆయన బిగించాడు. చంద్రవంక వచ్చింది, బిగించాడు. పాము వచ్చింది. వీధి కొంచెం కొంచెం మూసుకుపోతూ వచ్చింది. నాకు ఏం జరగబోతోందో మూడో రేకు దగ్గరే తెలిసింది. నోరు మాత్రం మెదపలేదు. ఒక్క నట్టు కింద పడినా ఆయన వంగి చుట్టూ చూస్తాడని, కొంగును రెండు చేతులతో పట్టుకున్నాను.

తలుపున్న చివరి రేకు కూడా ఆనింది. ఆయన ఆఖరి నట్టు బిగించి, గోడను అరచేత్తో ఊపి చూసి, గట్టిగా ఉందని తల ఆడించి, వెనక్కి తిరిగాడు. నాలుగు గోడలు. పైన కప్పు. తలుపు దగ్గరికి వేసి ఉంది. ఎదురుగా నేను.

ఆయన నాలుగు గోడలనూ ఒక్కొక్కటిగా చూశాడు. తర్వాత పానాను మెల్లగా కిందపెట్టాడు.

"నేను కాలు పెట్టలేదు" అన్నాడు. "నేను నిలబడి ఉంటే ఇదే వచ్చి నా చుట్టూ నిలబడింది."

"అవును నాయనా. తప్పు దానిదే" అన్నాను.

ఆయన నవ్వాలా వద్దా అన్నట్టు చూసి, గోడ పక్కన బండ మీద కూర్చున్నాడు. నేను వెంటనే నీళ్ళిచ్చాను. తాగాడు. కూలీలు సెలవు తీసుకుని పోయారు. ఆయన మాత్రం లేవలేదు. నాకు సంగతి అర్థమైంది. ఒకసారి బయటికి పోతే మళ్ళీ లోపలికి రావడం కాలు పెట్టడమే అవుతుంది. అందుకే సాయంకాలమంతా ఆయన అక్కడే కూర్చుని, ఏ కిటికీ నుంచి గాలి వస్తోందో, ఏ మూల పొయ్యి పెట్టాలో నాకు చెప్పాడు. తన తువ్వాలును బోల్టుకు తగిలించుకున్నాడు. సందేళ మా ఆయన వచ్చి, మామ నట్టింట్లో కూర్చుని ఉండటం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. నేను నోటి మీద వేలు పెట్టి సైగ చేశాను. ఆయన ఏమీ అడగకుండా కాళ్ళు కడుక్కుని వచ్చి పక్కన కూర్చున్నాడు. ముగ్గురం కలిసి తిన్నాం. నాయన అక్కడే చాప పరుచుకుని పడుకున్నాడు.

పొద్దున మా ఆయన తొందరగా కాలువ మీదికి పోయాడు. నేను పొయ్యి మీద సంగటి కెలుకుతున్నాను. ఎంత మొండివాడైనా మనిషి పొద్దున్నే బయటికి పోక తప్పదు కదా. నాయన చెంబు తీసుకుని, నా వైపు చూడకుండా తలుపు తీసుకుని వెళ్ళాడు. ఇక అంతే అనుకున్నాను. అట్లాగే బస్‌స్టాండుకు పోతాడు, చెంబు ఎవరి చేతనైనా పంపిస్తాడు. ఒక రాత్రి ఉన్నాడు, అది చాలని నాకు నేను చెప్పుకున్నాను. చాలదని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

చాలాసేపటికి వాకిట్లో కాళ్ళు కడుగుతున్న చప్పుడైంది. నేను తల తిప్పలేదు. సంగటి కట్టె అట్లాగే పట్టుకుని నిలబడ్డాను. తలుపు బార్లా తెరిచే ఉంది. ఒక అడుగు వేస్తే లోపలే. ఆ అడుగు పడలేదు. ఆయన గొంతు సవరించుకుని, కొత్తగా ఒకరింటికి వచ్చిన చుట్టం పిలిచినట్టు పిలిచాడు.

"ఇంట్లో ఎవరుండారమ్మా?"

నేను వెనక్కి తిరిగి చూశాను. నా తండ్రి నా గుమ్మం ముందర నిలబడి, నేను రమ్మంటే రావాలని ఎదురుచూస్తున్నాడు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు పిల్లల దగ్గర అట్లా నిలబడరు. అన్ని ఊళ్ళలో అన్ని మిద్దెలు కట్టిన మనిషి కళ్ళు దించుకుని, చెంబు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నేనే నాయనా. రా" అన్నాను.

ఆయన కుడికాలు లోపల పెట్టి వచ్చి, పొయ్యి దగ్గర కూర్చున్నాడు. అప్పటికి సంగటి అడుగంటింది. ఆ మాడిందే ఇద్దరం తిన్నాం.